బలం మాత్రే కదా అనుకుంటే: కిడ్నీ జబ్బులో విటమిన్ల లెక్క

కిడ్నీ డాక్టరు గదిలో రోజూ వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" బీపీ మాత్ర, షుగరు మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర గుర్తుపెట్టుకుని చెబుతారు. విటమిన్ల సంగతి మాత్రం ఎత్తరు. దాచాలని కాదు, వాటిని మందుల్లో లెక్కవేయరంతే. "ఏటవుద్ది బాబూ, బలం మాత్రే కదా" అంటారు మన ఉత్తరాంధ్రలో.

కిడ్నీలు బాగా పనిచేసే మనిషి విషయంలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. నీళ్లలో కరిగే విటమిన్ కాస్త ఎక్కువైతే మూత్రంలో పోతుంది, డబ్బు దండగ తప్ప పెద్ద నష్టం ఉండదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఆ ధీమా పనికిరాదు. అలాగని విటమిన్లన్నీ విషమని హడలిపోయి మానేయడమూ తప్పే. ఈ జబ్బులో కొన్ని విటమిన్లు ఒంట్లో పేరుకుపోతాయి. కొన్ని ఒంట్లో ఉన్నా పనికొచ్చే రూపంలోకి మారలేవు. కొన్ని డయాలసిస్‌లో కొట్టుకుపోతాయి. ఏది ఏ కోవలోదో తెలియకుండా "మల్టీవిటమిన్ మంచిదా, చెడ్డదా" అని అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు.

ముందు ఒక అంకె తెలిసుండాలి. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో మనవాళ్లకు నోటికి వస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ ఎంత అంటే మాత్రం రిపోర్టు వెతుక్కుంటారు. క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నది కూడా చూసి, కిడ్నీల వడపోత ఎంత మిగిలిందో లెక్కగట్టిన అంకె అది. మూడు నెలలకు పైగా ఈజీఎఫ్‌ఆర్ 30 నుంచి 59 మధ్య ఉంటే మూడో దశ, 15 నుంచి 29 అయితే నాలుగు, 15 కంటే తగ్గితే ఐదు. విటమిన్ల విషయంలో జాగ్రత్త మూడో దశ నుంచే మొదలవ్వాలి. నాలుగో దశలో అది తప్పనిసరి. డయాలసిస్ మొదలయ్యాక నియమాలే మారిపోతాయి.

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి ఒక పెద్దాయనను ఊహించుకుందాం. గాజువాకలో ఉంటారు, 62 ఏళ్లు, ఉద్యోగం నుంచి రిటైరయ్యారు, షుగరు చాలా ఏళ్లుగా ఉంది. క్రియాటినిన్ 2.8, అంటే ఈజీఎఫ్‌ఆర్ దాదాపు 25, నాలుగో దశ. మోకాళ్ల నొప్పులకు వెళ్తే ఎముకల డాక్టరు కాల్షియం మాత్ర రోజుకు రెండు, వారానికోసారి పాలలో కలుపుకుని తాగే విటమిన్ డి పొడి రాశారు. అరికాళ్ల మంటలకు షుగరు డాక్టరు నరాల మాత్ర రాశారు. నీరసంగా ఉందంటే మందుల షాపు అబ్బాయి అన్ని విటమిన్లూ కలిసిన మాత్ర చేతిలో పెట్టాడు. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు జుట్టు కోసం తను వాడే బయోటిన్ డబ్బా ఒకటి తెచ్చి "నాన్నా, నువ్వు కూడా వేసుకో" అంది. చివరికి కిడ్నీ డాక్టరు కాల్సిట్రయాల్ అనే చిన్న క్యాప్సూల్ రాశారు.

ఒక్కో చీటీ విడిగా చూస్తే దేన్నీ పెద్దగా తప్పుపట్టలేం. అన్నీ ఒకే ఒంట్లోకి వెళ్తున్నాయని మాత్రం ఎవరూ కూడి చూడలేదు. కిడ్నీ జబ్బులో విటమిన్ల వల్ల జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఆ కూడికలోనే ఉంది. కాబట్టి ఈ పెద్దాయన కవరులోని షీట్లను ఒక్కొక్కటే తిప్పి, వెనకవైపు రాసింది చదువుదాం.

ఒకే పేరుతో రెండు మందులు

అన్నిటికంటే ఎక్కువ తికమక విటమిన్ డి దగ్గరే ఉంది. ఎండకు చర్మంలో తయారయ్యేదీ, పొడి రూపంలో అమ్మేదీ కొలెకాల్సిఫెరాల్. అది ఉన్నది ఉన్నట్టుగా పనిచేయదు. కాలేయంలో ఒకసారి మారి 25-హైడ్రాక్సీ విటమిన్ డి అవుతుంది. ల్యాబులో "విటమిన్ డి ఎంతుంది" అని కొలిచేది దీన్నే. ఆ తర్వాత కిడ్నీలో ఇంకోసారి మారి కాల్సిట్రయాల్ అవుతుంది. పేగుల నుంచి కాల్షియాన్ని రక్తంలోకి లాగేదీ, మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులను అదుపులో పెట్టేదీ ఈ చివరి రూపమే.

కిడ్నీ పాడైతే ఆ రెండో మార్పు కుంటుపడుతుంది. రక్తంలో కాల్షియం తగ్గుతుంది. ఇంకోపక్క మూత్రంలో పోవాల్సిన ఫాస్ఫరస్ పోకుండా నిలిచిపోతుంది. ఈ రెండింటి ఒత్తిడికీ పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకల్లోని కాల్షియాన్ని బయటికి తోడేస్తుంది. రిపోర్టులో పీటీహెచ్ అని రాసేది దాన్నే. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు ఎముకల నొప్పులు రావడానికి ఇదొక పెద్ద కారణం. మరి ఎండ మాటేమిటంటారా? విశాఖలో ఎండకు కొదవలేదు. కానీ తెల్లారకముందే ఆర్కే బీచ్‌లో నడిచి వచ్చేవాళ్లకు ఆ ఎండ పెద్దగా ఉపయోగపడదు, విటమిన్ డి తయారుచేసే కిరణాలు సూర్యుడు బాగా పైకొచ్చాకే నేలకు చేరతాయి. ఆ వేళకు మనమంతా నీడపట్టున ఉంటాం.

ఇప్పుడు పెద్దాయన కవరులోని రెండు 'డి'లను పక్కపక్కన పెట్టి చూడండి. పొడి ప్యాకెట్ మీద 60,000 యూనిట్లు అని ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 600 యూనిట్లు. అంటే ఒక్క ప్యాకెట్ వంద రోజుల కోటా. బరువులో చెబితే 1,500 మైక్రోగ్రాములు. కాల్సిట్రయాల్ క్యాప్సూల్ మీద ఉండేది 0.25 మైక్రోగ్రాములు. ఆరు వేల రెట్లు తేడా. అయినా భయపడాల్సింది ఆ చిన్నదానికే ఎక్కువ, ఎందుకంటే అది కిడ్నీతో పనిలేకుండా నేరుగా పనిలోకి దిగే రూపం. కొద్దిరోజుల్లోనే కాల్షియాన్ని పెంచగలదు. పొడి రూపంలోనిది నెమ్మదిగా పనిచేస్తుంది, కొవ్వులో దాగి వారాల తరబడి ఉండిపోతుంది. రెండూ 'విటమిన్ డి' అన్న పేరుతోనే తిరుగుతుంటాయి కాబట్టి ఒకరు రాసింది చూసుకోకుండా ఇంకొకరు రెండోది రాసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

పొడి మామూలుగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు ఇస్తారు, ఆ తర్వాత పరీక్ష చేసి నెలకొకటికి తగ్గించడమో ఆపేయడమో చేస్తారు. ఆ 'ఎనిమిది వారాలు' అన్నది చీటీ మీదే ఉండిపోతుంది. కవరు చూపిస్తే షాపులో మళ్లీ ఇస్తారు, అలా ఏడాది గడిచిపోతుంది. వారానికొకటి అన్నది రోజుకొకటిగా వాడి, కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరిన కేసులను మన దేశ డాక్టర్లు వైద్య పత్రికల్లో రాశారు. 6 లక్షల యూనిట్ల ఇంజెక్షన్లు పదేపదే చేయించుకున్నవాళ్ల కేసులు కూడా వాటిలో ఉన్నాయి. కాల్షియం పెరిగితే ముందు వచ్చేవి వికారం, మలబద్ధకం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం. ఆపైన మగత, మతిమరుపు. క్రియాటినిన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. కిడ్నీ జబ్బు ముదిరినా వికారం, నీరసం ఉంటాయి కాబట్టి "జబ్బు పెరిగింది" అనుకుని అసలు కారణాన్ని వదిలేసే ప్రమాదం ఉంది. ఇలాంటప్పుడు కాల్షియం పరీక్ష చేయించమని అడగడానికి మొహమాటపడొద్దు.

అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలను రూపొందించే కేడీఐజీఓ బృందం 2017లో ఒక మాట స్పష్టంగా చెప్పింది: డయాలసిస్ దాకా రాని రోగులకు కాల్సిట్రయాల్‌ను మామూలుగా అందరికీ ఇవ్వొద్దు, నాలుగు, ఐదు దశల్లో పీటీహెచ్ బాగా పెరిగి, ఇంకా పెరుగుతూ పోతున్నవాళ్ల కోసం అట్టిపెట్టుకోండి అని. అంటే అది కిడ్నీ డాక్టరు పీటీహెచ్ చూసి రాయాల్సిన మందు. కీళ్లనొప్పులకు రాసిన కాంబినేషన్ మాత్రలో కలిసి రావాల్సింది కాదు. నిజానికి కాల్షియంతో పాటు కాల్సిట్రయాల్ కూడా కలిపిన మాత్రలు మన షాపుల్లో బోలెడున్నాయి. పెట్టె ముందువైపు 'బోన్ హెల్త్' అని కనిపిస్తుంది, కాల్సిట్రయాల్ అన్న ముక్క వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇంకో నమ్మకం కూడా ఉంది, విటమిన్ డి వాడితే కిడ్నీలు కోలుకుంటాయని. 2019లో అమెరికాలో టైప్ 2 షుగరు ఉన్న 1,312 మందిపై జరిగిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఐదేళ్లు వాడినా ఈజీఎఫ్‌ఆర్ తగ్గే వేగంలో తేడా రాలేదు. లోపం ఉంటే పూడ్చుకోవడానికే విటమిన్ డి, కిడ్నీని బాగుచేయడానికి కాదు.

కాల్షియం సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం, రెండూ ఒకే మాత్రలో వస్తాయి కాబట్టి. అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం మూడు, నాలుగు దశల్లో ఉన్నవాళ్లకు, కాల్సిట్రయాల్ లాంటివి వాడకపోతే, రోజు మొత్తానికి కావలసిన కాల్షియం 800 నుంచి 1,000 మిల్లీగ్రాములు. అందులోనే తిండి, మాత్రలు అన్నీ వచ్చేయాలి. మన పెద్దాయన 500 మిల్లీగ్రాముల మాత్రలు రెండు వేసుకుంటున్నారు. పెరుగు ముద్ద కలుపుకోకముందే కోటా నిండిపోయింది. పైగా వారం పొడిని రోజుల లెక్కన పంచితే సుమారు 8,500 యూనిట్ల డి, కాల్షియం మాత్రల్లో కలిసి వచ్చేది ఇంకో 500, మల్టీవిటమిన్‌లో మరికొంత. వీటన్నిటి మీద కాల్సిట్రయాల్. బీపీకి వాడే మాత్రలో క్లోర్‌థాలిడోన్ గానీ హైడ్రోక్లోరోథయజైడ్ గానీ ఉంటే అవి మూత్రంలో కాల్షియం పోకుండా ఆపుతాయి, అది ఇంకో ఆజ్యం. ఇలా మిగిలిపోయిన కాల్షియం ఎముకల్లోకే వెళ్తుందన్న భరోసా లేదు, రక్తనాళాల గోడల్లో గట్టిపడిపోతుంది. కిడ్నీ రోగులకు గుండెజబ్బు ముప్పు పెరగడంలో దాని పాత్ర ఉంది.

అదే పెట్టెలో ఈమధ్య కే2-7 అనే రకం విటమిన్ కె కూడా చేరుతోంది. గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్ గానీ అసిట్రోమ్ గానీ వాడేవాళ్లు దాన్ని ముట్టకూడదు. రక్తం పలచబడటానికి వేసుకునే మందును విటమిన్ కె నేరుగా అడ్డుకుంటుంది.

పేరుకుపోయేవి

విటమిన్ ఎ గురించి చెప్పాల్సింది తక్కువే. వేసుకోవద్దు. రక్తంలో ఈ విటమిన్‌ను మోసుకెళ్లే ప్రోటీన్‌ను విరిచేసే పని కిడ్నీది. అది మందగిస్తే విటమిన్ ఎ రక్తంలో నిలిచిపోతుంది. డయాలసిస్ కూడా దాన్ని తీయలేదు. ఎక్కువైతే తలనొప్పి, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, కాలేయానికీ ఎముకలకూ దెబ్బ, కాల్షియం పెరగడం. షీటు వెనక 'విటమిన్ ఎ' అనే ఉండాలని లేదు, రెటినాల్ అనో రెటినైల్ పాల్మిటేట్ అనో విటమిన్ ఎ అసిటేట్ అనో ఉంటుంది. అన్ని విటమిన్లూ కలిసిన మాత్రల్లో చాలావాటిలో ఇది ఉంటుంది కాబట్టే కిడ్నీ డాక్టర్లు ఆ రకాన్ని వద్దంటారు. కాడ్ లివర్ ఆయిల్ క్యాప్సూల్స్ కూడా ఇదే బాపతు. మామూలు చేపనూనె వేరు, చేప కాలేయం నుంచి తీసిన ఈ నూనె వేరు. రెండోదాంట్లో ఎ, డి రెండూ ఉంటాయి. విటమిన్ ఇ కూడా మామూలుగా అక్కర్లేదు, పెద్ద డోసులో వాడితే రక్తం పలచబడే మందులతో కలిసి రక్తస్రావం కావచ్చు.

విటమిన్ సి దగ్గరకొస్తే 2020, 2021 గుర్తుకొస్తాయి. కరోనా రోజుల్లో ప్రతి ఇంట్లో పుల్లటి చప్పరింపు మాత్రలు చేరాయి. రోగం పోయినా అలవాటు కొన్ని ఇళ్లలో పోలేదు. మాత్రకు 500 మిల్లీగ్రాములు. ఐసీఎంఆర్ లెక్కలో మగవాళ్లకు రోజుకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు చాలు. మిగిలిన సి ఒంట్లో విరిగి కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. దాన్ని బయటికి పంపే ముఖ్యమైన దారి కిడ్నీయే. ఆ దారి మూసుకుపోతే ఆక్సలేట్ కాల్షియంతో కలిసి స్ఫటికాలై కిడ్నీ నాళికల్లోనే దిగబడుతుంది, గుండెలోనూ కీళ్లలోనూ కూడా పేరుకుంటుంది. బాగున్న కిడ్నీలు కూడా భారీ డోసుల సి వల్ల దెబ్బతిన్న కేసులున్నాయి, ఇక సగం పాడైన కిడ్నీల మాట చెప్పక్కర్లేదు. అందుకే డయాలసిస్ రోగులకు కూడా, సి కొట్టుకుపోతుందని తెలిసినా, రోజుకు 60 నుంచి 100 మిల్లీగ్రాముల దగ్గరే ఆపుతారు. నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగే మాత్రల్లో పై చిక్కు సోడియం, బీపీ ఉన్నవాళ్లకు అదో ఉప్పు డోసు. ఇంకొకటి: విటమిన్ సి ఎక్కువగా ఉంటే కొన్ని గ్లూకోమీటర్లు షుగరును ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తాయి. ఆ అంకె చూసి ఇన్సులిన్ పెంచుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

నరాల మాత్ర

బి విటమిన్లు నీళ్లలో కరుగుతాయి, వాటితో భయం లేదని చాలాకాలం అందరూ అనుకున్నారు, డాక్టర్లతో సహా. షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్న 238 మందిని తీసుకుని కెనడాలో ఒక పరీక్ష చేశారు. సగం మందికి ఫోలిక్ యాసిడ్ 2.5 మిల్లీగ్రాములు, బి6 25 మిల్లీగ్రాములు, బి12 1 మిల్లీగ్రాము కలిపి రోజూ ఇచ్చారు, మిగతావాళ్లకు మందు లేని ఉత్తి మాత్ర. రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం తగ్గితే కిడ్నీలకూ గుండెకూ మేలు జరుగుతుందని ఆశ. 2010లో ఫలితాలు వచ్చాయి. హోమోసిస్టీన్ తగ్గింది, కానీ మూడేళ్లలో కిడ్నీ వడపోత విటమిన్లు వాడినవాళ్లలో సగటున 16.5 పాయింట్లు పడిపోతే, ఉత్తి మాత్ర వాడినవాళ్లలో 10.7 మాత్రమే పడిపోయింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి కూడా విటమిన్లు వాడిన గుంపులోనే రెట్టింపు. ఇలాంటి ఫలితం వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆ వెంటనే ఫోలిక్ యాసిడ్ మీద నింద వేయాల్సిన పనిలేదు. చైనాలో బీపీ రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో బీపీ మాత్ర ఎనలాప్రిల్‌తో పాటు 0.8 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇస్తే, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో అది ముదిరే వేగం తగ్గిందని 2016లో తేలింది. ఆ దేశంలో పిండిలో ఫోలిక్ యాసిడ్ కలిపే పద్ధతి లేదు, జనంలో లోపం ఎక్కువ. డోసు చిన్నది, లోటు నిజమైనది. కెనడాలో అటు డోసు పెద్దది, ఇటు లోటు లేదు. నాకైతే ఈ రెండు ఫలితాల మధ్య వైరుధ్యం కనిపించదు. (అన్నట్టు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన పరిశోధనకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే.)

మన షాపుల్లో దొరికే నరాల మాత్రల్లో మిథైల్‌కోబాలమిన్ 1,500 మైక్రోగ్రాములు తరచుగా కనిపిస్తుంది (అది బి12లో ఒక రూపం), తోడుగా ఫోలిక్ యాసిడ్, బి6, ఇంకొన్ని. మరి పెద్దాయన దాన్ని ఆపేయాలా? ఒక్క బి12 పరీక్ష చేయిస్తే తేలిపోతుంది. ఏళ్ల తరబడి షుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో, గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్లలో బి12 నిజంగానే తగ్గుతుంది. ఆ లోపం వల్ల వచ్చే కాళ్ల మంటలూ షుగరు వల్ల వచ్చే మంటలూ ఒకేలా ఉంటాయి. లోపం ఉంటే బి12 ఇవ్వాల్సిందే. లేకపోతే ఆ మాత్ర ఎందుకు వాడుతున్నారని డాక్టరును అడగాల్సిందే. బి12 చూసుకోకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తూ పోతే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది గానీ నరాల దెబ్బ లోపల కొనసాగుతుంది. బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే స్వయంగా నరాలను దెబ్బతీస్తుంది, అంటే మంటలకు వేసుకున్న మాత్ర నుంచే మంటలు.

బయోటిన్ కథ వేరే. దానివల్ల ఒంటికి హాని అంతగా లేదు, రిపోర్టుకు ఉంది. చాలా ల్యాబు యంత్రాలు హార్మోన్లను కొలవడానికి తమ పరీక్షలో బయోటిన్‌నే వాడుకుంటాయి. రక్తంలో బయటి నుంచి వచ్చిన బయోటిన్ నిండుగా ఉంటే అంకెలు తారుమారవుతాయి. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2017లో దీనిపై హెచ్చరిక ఇచ్చింది. గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా తక్కువ చూపించవచ్చు. పీటీహెచ్ కూడా అలాగే తక్కువగా రావచ్చు. పీటీహెచ్ చూసే కదా కాల్సిట్రయాల్ పెంచాలో తగ్గించాలో నిర్ణయిస్తారు! జుట్టు మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది, కిడ్నీ మందగించినవాళ్లలో అది రక్తంలోంచి పోవడానికి మామూలు కంటే ఎక్కువ సమయం పడుతుంది. రక్తం ఇచ్చేముందు ల్యాబులోనూ, రిపోర్టు చూపించేటప్పుడు డాక్టరుకూ ఈ మాత్ర సంగతి చెప్పాలి.

షీటులో లేనివి

మన ఊళ్లలో నీరసం అనగానే సెలైన్ ఎక్కించుకోవడం ఒక అలవాటు. సీసాలోకి పసుపుపచ్చ మందు ఒకటి ఎక్కిస్తారు, రంగు చూడగానే సగం నీరసం పోయినట్టుంటుంది. ఆ రంగు బి2ది. అదే ఇంజెక్షన్‌లో ఎ, డి కూడా కలిసిన రకాలున్నాయి. మూత్రం తగ్గిపోయిన మనిషికి ఆ సీసాలోని నీళ్లూ ఉప్పే పెద్ద ప్రమాదం, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. కిడ్నీ రోగి నీరసానికి అసలు కారణం చాలాసార్లు రక్తహీనత. అది కిడ్నీ తయారుచేసే ఎరిత్రోపోయిటిన్ అనే, రక్తకణాలు పుట్టించే హార్మోన్ తగ్గడం వల్లో, ఐరన్ చాలకో వస్తుంది. దానికి వేరే వైద్యం ఉంది, బలం సెలైన్ దాన్ని తీర్చలేదు.

మునగాకు పొడి, నోని జ్యూస్, 'కిడ్నీ శుద్ధి' పసర్ల సంగతి కూడా ఇక్కడే. మొదటి రెండింట్లో పొటాషియం ఎక్కువ. మూడోదాంట్లో ఏముంటుందో అమ్మేవాడికే తెలియాలి. బీచ్ రోడ్డులో కొబ్బరిబోండం తాగొద్దని చెప్పే డాక్టరు మాట వినేవాళ్లు కూడా 'ఆకు పొడే కదా' అని రెండు చెంచాలు కలుపుకుంటారు. ప్రోటీన్ పౌడర్లలో ఫాస్ఫరస్ ఉంటుంది. గ్యాస్‌కు తాగే తెల్లటి సిరప్పుల్లో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. కిడ్నీ వడకట్టకపోతే ఇవన్నీ లోపలే మిగిలిపోతాయి. కవిటి, సోంపేట వైపు నుంచి విశాఖకు వైద్యానికి వచ్చే ఉద్దానం రోగుల్లో చాలామందికి షుగరూ బీపీ లేకుండానే ఈ జబ్బు వచ్చింది. అయినా విటమిన్ల లెక్కలో వాళ్లకు వేరే నియమమేమీ లేదు. చూడాల్సింది ఈజీఎఫ్‌ఆర్, కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్‌లే.

డయాలసిస్ మొదలైతే

ఇక్కడ కథ తిరగబడుతుంది. యంత్రం చెడును తీసేటప్పుడు మంచిని ఏరి పక్కన పెట్టదు. బి విటమిన్లు, ఫోలిక్ యాసిడ్, సి మూడూ కొట్టుకుపోతాయి. వంటగదిలో జరిగేది దీనికి తోడు. పొటాషియం తగ్గించడానికి కూరగాయలు ముక్కలు చేసి, నానబెట్టి, ఉడికించి నీళ్లు పారబోయమంటాం. పొటాషియంతో పాటు సి, ఫోలేట్, బి1 కూడా ఆ నీళ్లతోనే సింకులోకి పోతాయి. పళ్లు తగ్గించమంటాం, పప్పు కొలిచి తినమంటాం. ఆకలి ఎలాగూ ఉండదు. తినేది తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఉండేదన్న సంగతి ఇప్పుడు చాలామందికి తెలియదు. ఉప్పుడు బియ్యం కాకుండా పచ్చిబియ్యం మర పట్టించి తినడం వల్ల బి1 చాలక వచ్చిన జబ్బు అది. డయాలసిస్ రోగి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే, నడక తూలితే, డాక్టర్లు వెతికే కారణాల్లో బి1 లోపం ఇప్పటికీ ఒకటి.

కాబట్టి డయాలసిస్ రోగుల్లో చాలామందికి బి కాంప్లెక్స్, కొద్దిగా ఫోలిక్ యాసిడ్, కొద్దిగా సి అవసరమే. అయితే అందులో ఎ ఉండకూడదు, సి వంద మిల్లీగ్రాములు దాటకూడదు. బి కాంప్లెక్స్ అని కొన్న క్యాప్సూల్‌లోనే సి 150 మిల్లీగ్రాములు ఉండవచ్చు, చూసుకోవాలి. డయాలసిస్ రోజున దాన్ని పొద్దున్నే వేసుకుంటే మధ్యాహ్నానికి యంత్రం తీసేస్తుంది. డయాలసిస్ అయ్యాక వేసుకోవాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు మాత్రం ఏ మూలిక పొడి అయినా, ఏ సప్లిమెంట్ అయినా మార్పిడి డాక్టరును అడగనిదే వాడకూడదు. మార్చిన కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే టాక్రోలిమస్ అనే మందు మోతాదు రక్తంలో కొంచెం అటూఇటూ అయినా కొత్త కిడ్నీకి ముప్పే.

కొనేటప్పుడు ఒక తేడా గమనించండి. పెట్టె మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటే చట్టం దృష్టిలో అది ఆహారం, మందు కాదు. చీటీ లేకుండా సూపర్ మార్కెట్‌లో కూడా దొరుకుతుంది. ఆరోగ్యవంతుడి రోజువారీ అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది. కిడ్నీ రోగి అవసరం దానికి తెలియదు.

ఈ వ్యాసం చదివి ఇంట్లో కవరు తిరగేసేవాళ్లు అన్నీ ఒకేసారి చెత్తబుట్టలో వేయకండి. కేజీహెచ్‌లో అయినా ప్రైవేటులో అయినా, తర్వాతిసారి నెఫ్రాలజీ ఓపీకి వెళ్లేటప్పుడు చీటీలు కాకుండా షీట్లే పట్టుకెళ్లండి, ఖాళీవైనా సరే. ఎ ఉన్న మల్టీవిటమిన్, కాడ్ లివర్ ఆయిల్, 500 మిల్లీగ్రాముల సి, జుట్టు మాత్రలు, పొడులు అంతవరకు పక్కన పెట్టొచ్చు, కొంపలేమీ మునగవు. సొంతంగా ఆపకూడనివి వేరే ఉన్నాయి. కిడ్నీ డాక్టరు పీటీహెచ్ చూసి రాసిన కాల్సిట్రయాల్ అందులో ఒకటి. ఇంకోదాంతోనే చాలామంది పొరబడతారు. అది కాల్షియం కార్బొనేట్ లేదా కాల్షియం అసిటేట్. కిడ్నీ డాక్టరు దాన్ని ఎముకల బలానికి రాయకపోవచ్చు. అన్నంలోని ఫాస్ఫరస్ పేగుల్లోనే చిక్కుకుని రక్తంలోకి ఎక్కకుండా ఉండటానికి రాసి ఉండవచ్చు. అలాంటప్పుడు దాన్ని అన్నం తినేటప్పుడే, ముద్దల మధ్యలో వేసుకోవాలి. పడుకోబోయే ముందు వేసుకుంటే ఫాస్ఫరస్ ఎక్కాల్సిన చోటికి ఎక్కేసి ఉంటుంది, కాల్షియం మాత్రం ఒంట్లో చేరుతుంది. ఎందుకు రాశారో, ఎప్పుడు వేసుకోమన్నారో చీటీలో లేకపోతే అడిగి షీటు మీదే పెన్నుతో రాయించుకోండి.